గుండీ కింద అగ్గిపుల్ల

ఆ రోజుల్లో నాకున్న కష్టం ఒక్కటే. నాకు తెలివి ఎక్కువ.

నవ్వబాకండి. నవ్వాలనుకున్నవాళ్ళు బయటికి పోయి నవ్వి రండి, ఆ తర్వాత చెప్తా. దేశంలో సగం బళ్ళకి పలకలు పంపించే మార్కాపురంలో పుట్టి, నేను పలక పట్టింది మూడంటే మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోనే మా అయ్యవారి దగ్గర నాకు చెప్పటానికి ఇంకేం మిగల్లేదు. ఆయన ఆ మాట నోటితో అన్లేదు, నేనే అర్థం చేసుకుని మానేశా. నేను మానేసిన ఏడే ఆ బడికి సున్నం కొట్టారు, కొత్త గంట కూడా తెచ్చారు. అంత గౌరవం నా మీద.

ఆ తర్వాత అదీ ఇదీ చేసి, ఇరవయ్యో ఏట శిలార్ మాస్టారి దగ్గర కుట్టుపనికి చేరా. శిలార్ సాయిబు అంటే పాత బస్టాండు వెనక సందులో కుట్టు దుకాణం ఆయన. సన్నంగా పొడుగ్గా ఉంటాడు. మెడలో టేపు, చెవి మీద ఒక అగ్గిపుల్ల. బీడీ తాగడు, సిగరెట్టు తాగడు. మరి అగ్గిపుల్ల ఎందుకంటే, చెవి గీరుకోటానికి అనుకున్నా నేను. పొద్దున్నే నమాజు చేసుకుని వచ్చి మిషను ముందు కూర్చున్నాడంటే మళ్ళీ సాయంత్రం టీకి లేవటమే. రోజుకి పది మాటలు మాట్లాడేవాడేమో. అందులో ఆరు 'ఊఁ' అనేదే.

అట్టాంటి మనిషికి నా అంత నోరున్నోడు శిష్యుడు. దేవుడు కొలతలు తీసుకుని జత చేశాడు.

నాకిచ్చిన పనులు రెండు. కాజాలు కుట్టటం, గుండీలు కుట్టటం. గుండీ దూరే కన్నం ఉంటదే, దాని చుట్టూ దారంతో అల్లాలి, అదే కాజా. పొద్దున కాజాలు, మధ్యానం గుండీలు. మర్నాడు విసుగు పుడితే పొద్దున గుండీలు, మధ్యానం కాజాలు. ఇట్టా మూడేళ్ళు గడిచినై. ఈ మూడేళ్ళలో నేను కుట్టిన గుండీలన్నీ వరసగా పేరిస్తే కంభం దాకా పోయి, చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వెనక్కొస్తయ్యి. ఒక్కటి ఊడితే నా చెవి కోసిస్తా అని సందులో అందరికీ చెప్పేవాణ్ణి. ఇవిగో, రెండు చెవులూ ఉన్నయ్యి, చూడండి.

కావాల్సింది మాత్రం కత్తెర.

కుట్టుపనిలో కత్తెర పట్టినోడే మాస్టరు. మిగతావాళ్ళు ఎంత బాగా కుట్టినా చేతికింద మనుషులే. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, కరకరమని కోసేవాడి మొహంలో ఉండే దర్జా వేరు. మా దుకాణంలో కత్తెర ఒక్కటే ఉంది, మోచెయ్యంత పొడుగు. దాన్ని శిష్యుడికి ఇయ్యటానికి మాస్టారికి ఒక పద్ధతి ఉంది. రోజూ సాయంత్రం టీకి పోయేముందు కత్తెర బల్ల మీద పెట్టి పోతాడు, పిడి తన కుర్చీ వైపుకి. శిష్యుడు పనికొచ్చాడని ఆయనకి అనిపించిన రోజున పిడి శిష్యుడి వైపు తిప్పి పెట్టి పోతాడు. ఆ పూట ఒక్క మాట చెప్పడు, స్వీటు పంచడు. టీ తాగి వచ్చేసరికి వాడు గుడ్డ కోస్తా ఉండాలి. అంతే.

నా ముందు ఇద్దరికి అట్టా ఇచ్చాడు. ఒకడికి కనిగిరిలో దుకాణం, ఇంకొకడికి గిద్దలూర్లో. వాళ్ళిద్దర్లో ఎవరూ నోరు తెరిచి అడగలేదంట. అడిగినోడికి మాస్టారు ఇవ్వడు అని సందులో ఒక మాట ఉంది. ఎవరూ అడిగి చూళ్ళేదు కాబట్టి అది నిజమో కాదో ఎవరికీ తెలీదు.

మూడేళ్ళు, వెయ్యి సాయంత్రాలు, మాస్టారు గడప దాటంగానే నేను చూసేది ఆ పిడి వైపే. వెయ్యి సాయంత్రాలూ అది ఆయన ఖాళీ కుర్చీనే చూస్తా ఉండేది.

ఇట్టా ఉండంగా మా పైన మేడ మీద దయాసాగర్ సారు ఇంగ్లీషు క్లాసు పెట్టాడు. బ్యాంకు పరీక్షలకి పోయే పిల్లలు ముప్పై మంది సాయంత్రం పూట చేరి, సారు ఒకసారి చెప్పింది వీళ్ళు పదిసార్లు అరిచేవాళ్ళు. మా దుకాణం కప్పు రేకులు అదిరేవి. కింద కూర్చుని గుండీలు కుట్టుకునేవాడికి ఇక చదువు రాకుండా ఎట్టా ఉంటది? వాళ్ళు డబ్బు కట్టి నేర్చుకున్నది నేను చెవులప్పగించి నేర్చుకున్నా.

ఒక వారమంతా తెలివి గురించి చెప్పాడు సారు. ఆ భాషలో తెలివైనోణ్ణి వట్టినే తెలివైనోడు అంటే సరిపోదంట. దేనితోనన్నా పోల్చాలంట. యాజ్ షార్ప్ యాజ్ ఎ నీడిల్ అని అరిచేవాళ్ళు, అంటే సూదంత పదును. గోడకి కొట్టే చిన్న మేకంత పదును. మంగలి కత్తంత పదును. మెరుపంత జోరు. కొరడాలా చురుకు. నక్కంత జిత్తు. ఎలకల బోనులాంటి బుర్ర అనేది ఒకటి, ఒకసారి లోపలికి పోయిన మాట మళ్ళీ బయటికి రాదని. అన్నిటికన్నా చివర, యాజ్ బ్రైట్ యాజ్ ఎ బటన్. గుండీలాగా తళతళలాడే తెలివంట.

ఇది విన్నరోజున నాకు సూది గుచ్చుకుంది. గుండీ ఏంది? మనమూ అంటాం, చాకులాంటి కుర్రాడని, పాదరసమని, చిచ్చరపిడుగని. చాకుకి ఒక లెక్కుంది. పాదరసానికి ఒక లెక్కుంది. నేను గుండీల మధ్యన బతికేవాణ్ణి, రోజుకి రెండొందలు నా చేతిలో పోతయ్యి. వాటిల్లో ఒక్కటి కూడా నన్ను పలకరించి తెలివైన మాట చెప్పింది లేదు. కొరడా సంగతి సరేసరి. కొరడాకి తెలివుందని ఎద్దునడిగితే ఏం చెప్తదో ఆ భాషవాళ్ళు అడిగినట్టు లేదు.

పైకి ఇట్టా ఎగతాళి చేశానా, లోపల మాత్రం ఒక్కోదాన్నీ చొక్కాలా తొడుక్కుని చూసుకున్నా. సూది సరిపోయింది. మంగలి కత్తి సరిపోయింది. బోను నా కోసమే కుట్టినట్టుంది. మెరుపు ఒక్కటే చంకల దగ్గర కాస్త బిగుతు, అదీ నేను దానికన్నా జోరు కాబట్టి.

ఇక నేను ఊరుకోలేదు. పైన సారు సగం చెప్పంగానే మిగతా సగం కింద నుంచి నేను అందుకునేవాణ్ణి. పిల్లలు నోరు తెరిచేలోపల నా గొంతు కిటికీలోంచి పైకి పోయేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. మాస్టారు మిషను తొక్కుకుంటా ఊరుకునేవాడు. ఒకరోజు మాత్రం, పైన పరీక్ష వాళ్ళదా నీదా అని అడిగాడు. నాదైతే ఫస్టు క్లాసు మాస్టారూ అన్నా. ఊఁ అన్నాడు.

ఆ నెలలోనే సారుకి ఒంగోల్లో సన్మానం పడింది. ఏదో సంఘంవాళ్ళు శాలువా కప్పి, మైకు ముందు మాట్లాడమన్నారంట. సారు కోటు కుట్టించుకోవాలనుకున్నాడు. మా మార్కాపురం ఎండల్లో కోటు కుట్టించేది ఏడాదికొకడు, అదీ పెళ్ళికొడుకు. కోటు పని మొదలు నుంచి చివరిదాకా మాస్టారే చేసుకునేవాడు, గుండీలతో సహా. నేను ఆ పక్కకి చూసింది కూడా లేదు. గుండీ కుట్టటంలో నాకు తెలీంది ఏముంటదని.

ప్రయాణం రేపనంగా సాయంత్రం పూట సారు కిందకి దిగి వచ్చి కోటు తొడుక్కుని చూసుకున్నాడు. బూడిద రంగు, మందపాటి గుడ్డ. గుండీలొక్కటే పడలా. వెనక సారు శిష్యులు నలుగురు నిలబడ్డారు. అద్దంలో చూసుకుంటా చూసుకుంటా నన్ను చూశాడు సారు, కింద నుంచి అరిచేది నువ్వేనా అన్నాడు. నేనే అన్నా. అయితే చెప్పు చూద్దాం అన్నాడు.

సూదితో మొదలుపెట్టి గుండీ దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పా. మధ్యలో సారు మర్చిపోయింది ఒకటి కూడా కలిపి చెప్పా. శిష్యులు నలుగురూ నోళ్ళు తెరిచారు. ఆ నోళ్ళలో ఈగ దూరి ఒకడు మూడు రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. అంతటితో ఆగితే నేనెట్టా అవుతా. ఒక అనుమానం సారూ అన్నా. సూదంత పదునన్నారు గదా, ఏ కొస? గుచ్చే కొసా, దారం ఎక్కించే కొసా?

సారు దానికి పెద్దగా నవ్వి నా భుజం తట్టాడు. నువ్వు యాజ్ బ్రైట్ యాజ్ ఎ బటన్ అన్నాడు. నా ఎత్తు ఆ క్షణాన జానెడు పెరిగింది. అంతలో సారు ఇంకో మాట కలిపాడు.

"ఇంత బుర్ర పెట్టుకుని గుండీలు కుట్టుకుంటా కూర్చున్నావేంది? మూడేళ్ళలో మీ మాస్టారు నేర్పింది ఇంతేనా?"

అది నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. శిష్యులు నలుగురూ నా వైపే చూస్తా ఉన్నారు. నేను లేచి నిలబడ్డా.

"విన్నారుగా మాస్టారూ. నాకు కత్తెర ఇవ్వండి."

మిషను ఆగింది. ఆ దుకాణంలో ఎవరూ అనని మాట అది. అన్న తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అబద్ధం చెప్పను. మూడేళ్ళు ఓపిక పట్టా. ఇస్తే ఇవ్వాలి, లేకపోతే నీకు రాదు పొమ్మని చెప్పాలి. ఎంతసేపని పిడి వైపు చూసేది?

మాస్టారు లేచాడు. సారు ఒంటి మీంచి కోటు నెమ్మదిగా విడిపించి నా ఒళ్ళో పెట్టాడు. దాని మీద మూడు కొత్త ఇత్తడి గుండీలు పెట్టాడు.

"గుండీలు పడలేదు. రేపు ఎనిమిదింటికి సారు బయల్దేరాలి," అన్నాడు.

అది ఇవ్వనని చెప్పటమా, ఇస్తానని చెప్పటమా? నేనైతే చెంపదెబ్బ అనుకున్నా. కత్తెర అడిగితే గుండీలిచ్చాడు, నలుగురి ముందు.

సరే, చూపిస్తా అనుకున్నా. కూర్చున్నా. మాస్టారు చెవి మీంచి అగ్గిపుల్ల తీసి బల్ల మీద నా పక్కన పెట్టాడు. నా చెవి బాగానే ఉంది మాస్టారూ అని దాన్ని మోచేత్తో పక్కకి నెట్టేశా. ఆయన దాన్ని తీసి మళ్ళీ తన చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నా సూది నడిచిన నడక గురించి ఇంకొకడు చెప్తే నేనే నమ్మను. సూది కనపడలేదు, దారం ఒక్కటే గాల్లో ఎగురుతున్నట్టుంది. సూది వేడెక్కి గుడ్డ కాలకుండా రెండుసార్లు నీళ్ళలో ముంచా. పైన ఫ్యాను నా చేతిని చూసి సిగ్గుపడి ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు పక్క కొట్టువాళ్ళు. వాళ్ళకేం తెలుసు. మూడు గుండీలూ, గుండీకి పన్నెండు చుట్లు, లాగి లాగి బిగించా. గుండీ గుడ్డలోకి కూరుకుపోయింది. దాని కింద వెంట్రుక కూడా దూరదు. వేలితో మీటితే రాయిలా ఉంది. కోటు మాస్టారి ముందు పెట్టా. ఆయన ఒక గుండీ మీద బొటనవేలు ఉంచి చూశాడు. టీకి పోయాడు.

పిడి ఆయన కుర్చీ వైపే ఉంది.

మర్నాడు పొద్దున ఏడున్నరకల్లా సారు వచ్చాడు. సందు మొగదాల కారు నిలబడి ఉంది, ఒంగోలు దాకా వెంట పోటానికి ఆ నలుగురు శిష్యులూ ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. సారు కోటు తొడుక్కున్నాడు. ఆ ఇత్తడి గుండీల్లో మార్కాపురం మొత్తం కనపడతా ఉంది, నేను కాస్త ముందు వరసలో కనపడతా ఉన్నా.

సారు గుండీ పెట్టుకోబోయాడు. పై గుండీ కాజాలోకి దూరింది గానీ నిలబడలేదు, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. అప్పుడు చూశా నేను. కోటు గుడ్డ మందం, మడతలతో కలిపి రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత. గుండీ కాజాలోంచి ఇవతలికి వచ్చిన తర్వాత ఆ మందమంతా గుండీ కింద కూర్చోవాలి. నా గుండీ కింద కూర్చోటానికి చోటెక్కడుంది?

సారు పట్టుబట్టి నడిమి గుండీని బొటనవేలితో నెట్టి నెట్టి బిగించాడు. చుట్టూ గుడ్డంతా అలిగినవాడి మొహంలా ముడుచుకుంది. ఇక బయల్దేరదాం అని శిష్యులకి చెప్పటానికి ఇంగ్లీషులో గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ భాషకి ఊపిరి ఎక్కువ పడుతుంది గదా.

టప్పుమంది.

గుండీ లేచింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి, సందు దాటి, మంగలి చంద్రయ్య అద్దానికి తగిలి, అక్కణ్ణుంచి పాల క్యాను మీద టంగుమని మోగి, పోయి పోయి మీరాబీ టీ బంకు దగ్గర కూర్చున్న పెద్దాయన టీ గ్లాసులో పడింది. ఆయన ముందు టీ తాగి, తర్వాత గుండీ తీసిచ్చాడు. నా దారం మాత్రం తెగలేదు, అది గుర్తుపెట్టుకోండి. పన్నెండు చుట్లూ అట్టాగే ఉన్నయ్యి. గుడ్డే చిరిగింది. కోటు పొట్ట మీద చింతగింజంత కన్నం.

సారు ఆ కన్నంలో వేలు పెట్టి చూసుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు. తెలివి లేనోడికి కూడా ఆ భాషలో పోలికలు ఉన్నాయని నాకు ఆ పూటే తెలిసింది. రెండు చెక్కలు కలిపినంత మందం అన్నాడు. దూలమన్నాడు, మట్టిబెడ్డన్నాడు. ఒక్కోటి ఇంగ్లీషులో అని, నాకు తెలీదేమోనని మళ్ళీ తెలుగులో కూడా చెప్పాడు. శిష్యులు కొత్త పాఠం విన్నట్టు నిలబడి విన్నారు. చివరికి మాస్టారి వైపు తిరిగాడు.

"వీణ్ణి ఈ క్షణమే బయటికి పంపండి. లేకపోతే నా మెట్ల మీంచి ఒక్కడు కూడా మీ గడప తొక్కడు."

తప్పు నాదే. అది నాకు ఆ కన్నం చూసినప్పుడే తెలిసింది. కానీ తల మాత్రం దించలేదు. కన్నానికి దించమంటే దించుతా, ఆ చెక్కలకీ దూలాలకీ ఎందుకు దించాలి?

"నిన్న మెరిసింది నేనే, ఇవాళ మొద్దూ నేనే," అన్నా. "నా బుర్ర నిన్నటిదే సారూ. మీ పుస్తకంలో పేజీ మారింది, అంతే."

శిష్యుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. సారు మొహం ఎర్రబడింది. నేను మేకు మీంచి నా సంచి తీసుకున్నా. పొమ్మనకముందే పోవాలని. మూడేళ్ళకి ఆ సంచిలో ఉంది ఒక టిఫిను గిన్నె, ఒక అంగుస్తానా, వేలికి సూది గుచ్చుకోకుండా తొడుక్కునేది. అంతే. కత్తెర మాట ఇక జన్మలో లేదు. గిద్దలూరోడికీ కనిగిరోడికీ తెలిస్తే ఏమంటారో అనుకుంటా గడప వైపు ఒక అడుగేశా.

మాస్టారు లేచాడు. టీ వేళ కాకుండా ఆయన లేవటం నేను చూడటం రెండోసారి. నా చేతిలో సంచి తీసి మళ్ళీ మేకుకి తగిలించాడు. తన చెవి మీద అగ్గిపుల్ల తీశాడు. నా చెవి మీద పెట్టాడు.

"కుట్టు," అన్నాడు.

సారు నోరు తెరవబోయాడు. మాస్టారు ఒక స్టూలు జరిపి సారు ముందు వేశాడు.

"కుట్టేది వీడే సారూ. వద్దంటే కోటు ఇక్కడే ఉంటది."

గొంతు పెంచలేదు. రోజూ ఊఁ అనే గొంతుతోనే అన్నాడు. ముప్పై మంది శిష్యులున్న సారు, గుడ్డపీలికలు నిండిన ఆ దుకాణంలో, స్టూలు మీద కూర్చున్నాడు.

నేను కోటు ఒళ్ళోకి తీసుకున్నా. అగ్గిపుల్లతో ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. చేతిలో తిప్పి తిప్పి చూశా. గుండీని చూశా, కోటు మడత మందం చూశా, అగ్గిపుల్లని చూశా. మడత మందమూ అగ్గిపుల్ల మందమూ ఒకటే కొలత. మూడేళ్ళు నా ఎదురుగుండా ఆ చెవి మీద కూర్చుని ఉంది, నేను దాన్ని గుబిలికి రాసిచ్చేశా.

మాస్టారు డబ్బాలోంచి చిన్న చొక్కా గుండీ ఒకటి నా వైపు దొర్లించాడు. అది కోటు లోపలి వైపుకి, చిరిగిన చోట ఒక పీలిక వేసి దాని కింద పెట్టా. పైన ఇత్తడి గుండీ. ఇత్తడి గుండీకీ గుడ్డకీ మధ్యన అగ్గిపుల్ల. మూడింటినీ కలిపి కుట్టా. బిగించలేదు. తర్వాత అగ్గిపుల్ల లాగేశా. ఆ ఖాళీలో మిగిలిన దారాలకి దారంతోనే చుట్లు చుట్టి, గుండీకి ఒక మెడ చేశా. వేలితో తాకితే గుండీ తల ఊపింది. నిన్నటి నేనైతే ఆ పని చేసినవాణ్ణి, ఊగే గుండీ కుట్టావేందిరా అని సందు చివరిదాకా ఎగతాళి చేసేవాణ్ణి.

సారు గడియారం చూసుకుని లేచాడు. ఇక ఇచ్చెయ్ అన్నాడు. నేను బ్లేడు తీసుకుని మిగతా రెండు గుండీలు కూడా కోసేశా. పన్నెండు చుట్లు, నా చేత్తో బిగించినవి, నా చేత్తోనే. అవి తెగటానికి చాలాసేపు పట్టింది, అంత గట్టి పని.

"అవి బాగానే ఉన్నాయి గదా, టైమైపోతా ఉంది," అన్నాడు సారు.

"ఉండండి సారూ."

అది నేను కోపంతో అన్లేదు. జీవితంలో చాలామందికి ఎదురు చెప్పా, అయ్యవారికి, మా నాయనకి, ఒకసారి బస్సు డ్రైవరుకి బస్సు నడుస్తా ఉండంగానే. అంత నెమ్మదిగా మాత్రం ఎవరికీ చెప్పలేదు. సారు మళ్ళీ కూర్చున్నాడు. కారువాడు హారను కొట్టాడు, కొట్టి కొట్టి వాడే ఊరుకున్నాడు. మూడు గుండీలకి ముప్పావుగంట పట్టింది. ఫ్యాను మామూలుగా తిరుగుతానే ఉంది.

సారు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. గుండీల వైపు చూడకుండానే పెట్టుకున్నాడు, వేళ్ళు వాటి పని అవే చేసుకుపోయినట్టు. ఒకటి, రెండు, మూడు. గుడ్డ మీద ఒక్క ముడత లేదు. మూడూ ఒకేసారి తళుక్కుమన్నయ్యి. సారు ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు. మళ్ళీ గట్టిగా తీసుకున్నాడు. ఏదీ ఎగర్లేదు.

ఆయన నోట ఇంగ్లీషు రాలేదు.

"బాగుంది," అన్నాడు. మాస్టారితో కాదు, నాతో.

ఆ మర్నాడు సాయంత్రం పైన క్లాసు మళ్ళీ మొదలైంది. సన్మానం బాగా జరిగిందని శిష్యులు మెట్ల మీద చెప్పుకుంటా పోయారు. పాత పాఠమే మళ్ళీ చెప్పిస్తా ఉన్నాడు సారు. సూది అయింది, మేకు అయింది, మెరుపు అయింది. సారు సగం చెప్పి ఆపాడు. పిల్లలు కూడా ఆగారు, కింద నుంచి నా గొంతు వస్తదని.

రాలేదు. నేను కాలరు చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఉన్నా, మందపాటి ఖాకీ గుడ్డ. పైనవాళ్ళు కాసేపు చూసి, వాళ్ళే అరుచుకున్నారు.

మాస్టారు పళ్ళతో దారం కొరికి అడిగాడు.

"ఏమంటన్నార్రా పైన?"

"తెలివైనోడు గుండీలా తళతళలాడతాడంట మాస్టారూ."

"ఊఁ." కొత్త దారం ఎక్కించుకుంటా, "కింద అగ్గిపుల్లంత ఖాళీ ఉండాలని చెప్పలేదా?"

"లేదు మాస్టారూ."

"మళ్ళీ కోటుకి వస్తాడుగా. కొలతలు తీసుకునేటప్పుడు నువ్వు చెప్పు," అని, టేపు తీసి బల్ల మీద పెట్టి, టీకి పోయాడు.

టేపు పక్కన కత్తెర ఉంది. పిడి నా వైపు తిరిగి ఉంది.

నేను వెంటనే ముట్టుకోలేదు. ఖాకీ చొక్కాకి ఇంకా ఒక గుండీ మిగిలుంది. చెవి మీంచి అగ్గిపుల్ల తీశా.